ఉత్తరమునకు, పట్టికకు మధ్య లింకు చెడినప్పుడు
(సంఘ కార్యదర్శులకు, రిజిస్టరు చూచువారికి ఒక పాఠము)

పాఠము యొక్క ఉద్దేశము: వర్డ్‌లో వ్రాసిన ఉత్తరమునకు, యాక్సెస్‌లోని సభ్యుల పట్టికకు గల లింకు ఎక్కడెక్కడ చెడునో తెలిసికొని, వరుసగా పరీక్షించి సరిచేయుట.



ఒక సహోదరి కర్ణాటకలోని మన సంఘమునుండి ఒడిశాలోని బరంపురమునకు కాపురము మారినది. ఆమె బదిలీ ఉత్తరమును మేమే కంప్యూటరులో తీసి, సంతకము చేసి పంపితిమి. ఆమె దగ్గరనున్న బాప్తిస్మపు సర్టిఫికేటులో 05/08/1984 అని యున్నది. మేము పంపిన ఉత్తరములో 8/5/1984 అని పడినది. అక్కడి కార్యదర్శిగారు జాగ్రత్తగలవారు. ‘‘1984 మే 8 మంగళవారము గదా, ఆగస్టు 5 ఆదివారము. ఏది నిజము?’’ అని మాకు వ్రాసిరి. మా జవాబు చేరువరకు ఆ సహోదరి పేరు అక్కడి రిజిస్టరులో ఎక్కలేదు. ఇందులో ఆమె తప్పేమియు లేదు. మా పట్టికలోను తేదీ సరిగానే యున్నది. తప్పు ఈ రెంటి మధ్యనున్న లింకులో జరిగినది. కంప్యూటరు మాకు ఒక్క హెచ్చరికయైనను ఇవ్వలేదు.

ఈ అనుభవమువలన మేము నేర్చుకొనిన సంగతులను మీతో పంచుకొనగోరుచున్నాము.

1. లింకు అనగా ఏమి?

మెయిల్ మెర్జ్ కొరకు వర్డ్‌లో తయారుచేసిన మూల ఉత్తరములో సభ్యుల పేర్లు ఉండవు. పేరు రావలసిన చోట ఒక ఖాళీ గది మాత్రమే ఉండును. దానిని మెర్జ్ ఫీల్డ్ అందురు. పేర్లు, చిరునామాలు, తేదీలు యాక్సెస్ ఫైలులోని టేబుల్‌లో గాని, ఆ టేబుల్ నుండి కావలసినవారిని ఏరి ఇచ్చు క్వెరీలో గాని ఉండును. ఆ ఫైలు ఏ డ్రైవులో, ఏ ఫోల్డరులో, ఏ పేరుతో ఉన్నదో ఆ దారిని ఉత్తరము గుర్తుంచుకొనును.

కావున లింకు చెడినదనిపించినప్పుడు నాలుగు ప్రశ్నలు వరుసగా వేసికొనవలెను. దారి సరిగానున్నదా? తలుపు తెరిచియున్నదా? క్వెరీ అడిగినవారినందరిని ఇచ్చుచున్నదా? వచ్చిన సమాచారము సరియైన రూపములో వచ్చుచున్నదా? మొదటి మూడింటిలో చాలవరకు కంప్యూటరే ఏదో ఒక సందేశము చూపును. నాలుగవదానిలో ఏమియు చెప్పదు. ఏ పని మొదలుపెట్టకముందే ఉత్తరమునకు, పట్టికకు చెరియొక కాపీ తీసి వేరుచోట దాచుకొనుడి.

2. దారి తప్పినప్పుడు

కంప్యూటరు మార్చినప్పుడు, ఫోల్డరు పేరు మార్చినప్పుడు, ఫైలు పేరుకు క్రొత్త సంవత్సరము చేర్చినప్పుడు ఉత్తరమునకు పట్టిక దొరకదు. అప్పుడు మెయిలింగ్స్ అను ట్యాబులో ‘సెలెక్ట్ రెసిపియెంట్స్’, దానిలో ‘యూజ్ యాన్ ఎగ్జిస్టింగ్ లిస్ట్’ నొక్కి, ఫైలును మరల చూపి, ఉత్తరమును సేవ్ చేయవలెను. ఫైలు నెట్‌వర్క్‌లో ఉన్నయెడల ఇంకొక చిక్కు కలదు. ఒక కంప్యూటరులో అది జెడ్ డ్రైవుగాను, మరియొకదానిలో వై డ్రైవుగాను ఉండవచ్చును. డ్రైవు అక్షరమునకు బదులు, రెండు వాలుగీతలతో మొదలై కంప్యూటరు పేరుతో సాగు నెట్‌వర్క్ దారిని వాడినచో అందరికి ఒకటే దారి యగును.

పాత కాపీ పాత ఫోల్డరులోనే ఉండిపోయినచో ఇంకను ప్రమాదము. ఉత్తరము దానినే చదువుచుండును, ఏ సందేశమును రాదు. చనిపోయినవారి పేరట ఆ ఇంటికి శుభాకాంక్షలు వెళ్లుట ఇట్లే జరుగును. పాత కాపీలను తీసివేయుడి, లేదా పేరు మార్చి వేరుచోట ఉంచుడి.

ఉత్తరమును తెరచినప్పుడు, ఒక ఎస్.క్యూ.ఎల్. ఆజ్ఞ నడచునని చెప్పి, సాగమందువా అని వర్డ్ అడుగును. అది తెగులు కాదు, హెచ్చరిక మాత్రమే. మీరెరిగిన ఫైలైతే ‘యస్’ అనుడి. ‘నో’ అన్నచో పట్టిక లేకుండ ఉత్తరము తెరచుకొనును. అట్లు జరిగినచో సేవ్ చేయక మూసివేసి, మరల తెరచి ‘యస్’ అనవలెను. ఈ ప్రశ్న రాకుండ రిజిస్ట్రీని మార్చు ఉపాయము కొందరు చెప్పుదురు. ఎవరో పంపిన ఫైలు మనకు తెలియకుండ ఏ పట్టికనైనను తెరువకుండ కాయునది ఈ ప్రశ్నయే గనుక దానిని ఉండనిచ్చుట మేలు.

3. తలుపు మూసియున్నప్పుడు

వేరొకరు పట్టికను ‘ఎక్స్‌క్లూజివ్’గా తెరచినను, టేబుల్‌ను డిజైన్ వ్యూలో మార్చుచున్నను మనకు ప్రవేశము దొరకదు. ముందు వారిని మూయమని అడుగుడి. డేటాబేసు తెరచియున్నంతసేపు దాని ప్రక్కన అదే పేరుతో ఒక చిన్న తాళపు ఫైలు కనబడును. అందరు మూసినను అది పోనియెడల, నిజముగా ఎవరును తెరచియుండలేదని రూఢి చేసికొని, కంప్యూటరును మరల ప్రారంభించి, అప్పుడే దానిని తీసివేయవలెను.

క్రొత్త కంప్యూటరులో ‘ప్రొవైడర్ దొరకలేదు’ అను భావముగల సందేశము వచ్చినచో, వర్డ్ 64 బిట్, డేటాబేసు ఇంజను 32 బిట్ అయియుండవచ్చును. రెండును ఒకే రకముగా నుండవలెను. పాత సంఘములలో మరియొక సంగతి చూచుచున్నాము. యాక్సెస్ 97లో చేసిన పట్టికను యాక్సెస్ 2013గాని, ఆ తరువాత వచ్చినవిగాని తెరువవు. యాక్సెస్ 2010 లేక దానికి ముందటిది ఉన్నచోటికి తీసికొనిపోయి, క్రొత్త రూపములోనికి మార్చుకొని తెచ్చుకొనవలెను. ఆ పని ఆలస్యము చేయకుడి. అట్టి కంప్యూటర్లు ఏటేట తగ్గిపోవుచున్నవి.

4. క్వెరీ సరిగా ఇవ్వనప్పుడు

యాక్సెస్‌లో తెరచినప్పుడు నలువదిమందిని చూపు క్వెరీ, ఉత్తరములోనికి వచ్చునప్పుడు ఒక్కరిని గూడ ఇవ్వకపోవుట కలదు. కారణము ఏమనగా, 2002లోని వర్డ్ నుండి వర్డ్, యాక్సెస్‌ల మధ్య మామూలుగా వాడబడునది ఓ.ఎల్.ఇ.డి.బి. అను మార్గము. యాక్సెస్‌లో ‘లైక్’ అను మాటతో వెదకునప్పుడు ‘ఏ అక్షరములైనను’ అనుటకు నక్షత్రపు గుర్తు వేయుదుము. ఈ మార్గములో దానికి బదులు శాతపు గుర్తు ఉండవలెను. ‘లైక్’ను ‘ఎలైక్’గా మార్చి శాతపు గుర్తు వేసినయెడల రెండుచోట్లను పనిచేయును.

అట్లే ‘ఏ ఊరు?’ అని మధ్యలో ప్రశ్న అడుగు పారామీటరు క్వెరీలు ఈ మార్గమున పనిచేయవు. ఖాళీ గదులను నింపు ‘ఎన్.జెడ్.’ ఫంక్షన్ కూడ పనిచేయదు. దానికి బదులు ‘ఐ.ఐ.ఎఫ్.’తో వ్రాసికొనవచ్చును. క్వెరీ మరీ చిక్కుగా నున్నచో, దాని ఫలితమును ముందు ఒక టేబుల్‌గా తయారుచేసి, ఉత్తరమును ఆ టేబుల్‌కు కలుపుట సులువు. కాని ఉత్తరములు తీయు ప్రతిసారి ఆ టేబుల్‌ను క్రొత్తగా చేయవలెనని మరువకుడి. టేబుల్‌లో గడి పేరు మార్చినచో ఉత్తరములోని ఫీల్డ్‌ను గూడ మార్చవలెను.

5. చప్పుడు లేకుండ జరుగు తప్పులు

తేదీ: ఓ.ఎల్.ఇ.డి.బి. మార్గము పట్టికలోని విలువనే తెచ్చునుగాని, మనము పట్టికలో అమర్చిన రూపమును తేదు. అందుచేత తేదీ అమెరికా వారి పద్ధతిలో, నెల ముందు దినము తరువాత పడును. ఆగస్టు 25 అయినచో 8/25 అని పడి తప్పు వెంటనే తెలియును. నెలలో మొదటి 12 దినముల తేదీలలోనే తప్పు దాగియుండును. మా సహోదరి తేదీ ఆ 12లోనే పడినది.

దీనికి మందు ఇది. ఆల్ట్, ఎఫ్9 కలిపి నొక్కినచో ఫీల్డ్‌ల లోపలి వ్రాత కనబడును. తేదీ ఫీల్డ్‌లో పేరు తరువాత వెనుకకు వాలిన గీత, ఎట్ గుర్తు, ఆ పిమ్మట ఉల్లేఖన చిహ్నముల మధ్య చిన్న డీ రెండు, గీత, పెద్ద ఎమ్ రెండు, గీత, చిన్న వై నాలుగు వ్రాయవలెను. చిన్న ఎమ్ నిమిషములకు గుర్తు గనుక పెద్ద ఎమ్ తప్పనిసరి. పెద్ద ఎమ్ నాలుగు వ్రాసినచో నెల పేరు అక్షరములలో వచ్చును. బదిలీ ఉత్తరములకు ఇప్పుడు మేము ఇట్లే చేయుచున్నాము. ‘5 ఆగస్టు 1984’ను ఎవరును తప్పు చదువజాలరు.

సొమ్ము: పట్టికలో 1,500.00 అని కనబడునది ఉత్తరములో 1500 అని పడవచ్చును. ఎట్ గుర్తుకు బదులు హ్యాష్ గుర్తు వేసి కావలసిన రూపము వ్రాసికొనవచ్చును.

టెలిఫోను: యానాము ఎస్.టి.డి. కోడు 0884. ఆ గడిని పట్టికలో ‘నంబరు’గా చేసినచో మొదటి సున్న పోయి 884 మాత్రమే నిలుచును. ఇది లింకు తప్పు కాదు, పట్టికలోనే పోయినది. ఫోను గడిని ‘టెక్స్ట్’గా మార్చి, సున్నలను మరల వ్రాయవలెను.

తెలుగు అక్షరములు: తేదీల బాధ పోవుటకు పాత డి.డి.ఇ. మార్గమునకు తిరిగిపొమ్మని కొందరు సలహా ఇత్తురు. ఆంగ్లములో పట్టిక ఉన్నవారికి అది పనిచేయును. మనకు పనికిరాదు. ఆ మార్గము యూనికోడ్ అక్షరములను మోయలేదు గనుక తెలుగు పేర్లకు బదులు ప్రశ్నార్థకములు పడును. మనము ఓ.ఎల్.ఇ.డి.బి.లోనే ఉండి, తేదీని పైన చెప్పినట్లు సరిచేసికొనుట మంచిది. అక్షరములకు బదులు ఖాళీ డబ్బాలు వచ్చినచో తెగులు ఫాంటుది. వర్డ్ తెలుగును ‘కాంప్లెక్స్ స్క్రిప్ట్’గా ఎంచును గనుక, ఫాంటు పెట్టెలో ఆ వరుసయందు గౌతమి, నిర్మల వంటి తెలుగు ఫాంటును ఎన్నుకొనవలెను. యూనికోడ్‌కు ముందటి ఫాంట్లతో కొట్టిన పాత పట్టికలలో లోపల నిజముగా ఉన్నవి తెలుగు అక్షరములు కావు. ఆ ఫీల్డ్‌కు అదే పాత ఫాంటు పెట్టినగాని చదువ వీలుకాదు. ఒకే గడిలో కొన్ని పేర్లు పాత ఫాంటులో, కొన్ని యూనికోడ్‌లో ఉంచకుడి.

పొడవైన వివరములు: క్వెరీలో ‘డిస్టింక్ట్’ లేక ‘గ్రూప్ బై’ వాడినచో, పొడవైన వ్రాత గడి 255 అక్షరములకే తెగిపోవచ్చును.

6. పోస్టులో వేయకముందు

నేరుగా ప్రింటరుకు పంపక, ‘ఎడిట్ ఇండివిడ్యువల్ డాక్యుమెంట్స్’ అను మార్గమున ఉత్తరములన్నిటిని ముందు తెరమీద తీయుడి. ఎన్ని ఉత్తరములు వచ్చెనో, క్వెరీలో ఎందరున్నారో రెండు లెక్కలు సరిచూడుడి. మొదటిది, చివరిది, మధ్యలో నాలుగైదు తీసి, కాగితపు రిజిస్టరుతో పోల్చుడి. ఆ నాలుగైదింటిలో ఒకటి నెల మొదటి 12 దినములలోని తేదీగలది, ఒకటి పొడవైన తెలుగు పేరుగలది తప్పక యుండవలెను. పని ముగిసిన తరువాత సభ్యుల వివరములున్న కాపీలను ఇతరుల కంప్యూటర్లలో వదలకుడి.

కంప్యూటరు వచ్చినదని కాగితపు రిజిస్టరును మూలకు వేయకుడి. ఆ సహోదరి తేదీ ఏది నిజమో మేము చివరకు తేల్చుకొనినది 1984 నాటి చేతివ్రాత పుటలోనే. నెల పేరు అక్షరములలో వ్రాసి రెండవ ఉత్తరము పంపితిమి. అక్కడ ఆమె పేరు ఎక్కినది.

ఆలోచించి జవాబు చెప్పుడి

1. మీ మూల ఉత్తరము ఏ ఫోల్డరులోని పట్టికను చదువుచున్నది? పాత కాపీ ఇంకెక్కడైన కలదా?
2. మార్చి 7వ తేదీ ఉత్తరములో ఎట్లు పడును? మార్చి 27 ఎట్లు పడును? ఏది ఎక్కువ ప్రమాదము? ఎందుచేత?
3. తెలుగు పేర్లున్న పట్టికకు డి.డి.ఇ. మార్గము ఎందుకు తగదు?
4. మీ సంఘములో ఉత్తరములను రిజిస్టరుతో పోల్చి చూచు బాధ్యత ఎవరిది? అట్టివారు లేనియెడల, రాబోవు కమిటీ కూటములో ఒకరిని ఏర్పరచుకొనుడి.