నక్కయు అడవిపిల్లియు

మన పిక్కిలి కొండప్రాంతపు పిల్లలకు నక్కల ఊళ కొత్త గాదు. పొదలలో చప్పుడు లేక తిరుగు అడవిపిల్లిని చూచినవారు మాత్రము తక్కువ. ఈ రెండును ఒక్కచోట ఎట్లు బ్రదుకునో ఇచట వివరించుచున్నాము.

రెండింటికిని ఎలుకలు ముఖ్యాహారమే. ఐనను నిత్యము పోరాడవు. నక్క తరచు జంటగా తిరుగును. రేగుపండ్లను, చచ్చిన జంతువులను సైతము తినును. అడవిపిల్లి ఒంటరిగా పొంచియుండి దుమికి పట్టును. నక్క బరువు సుమారు 10 కిలోలు; పిల్లి బరువు అందులో సుమారు సగము. కావున ఎదురుపడినచో పిల్లియే తప్పుకొని పొదలోనికో, చెట్టుమీదికో పోవును.

ఈ పొందికను చెరచునది ఉచ్చు. కుందేలునకై పన్నిన ఉచ్చు ఏ జంతువునైనను పట్టును. చిక్కినదానిని తినవచ్చిన నక్క ప్రక్క ఉచ్చులో తానును చిక్కును. ఎలుకలకై అదే దారిని వచ్చు పిల్లికిని అదే గతి. అదృష్టమిచ్చునను “నక్కకొమ్ము”నకై నక్కలను చంపుటయు కలదు. నిజమునకు నక్కకు కొమ్మే లేదు. ఇవి తగ్గినచో ఎలుకలు పెరిగి రాగిచేలపై పడును, నష్టము మనదే.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వీని వేటను నిషేధించినది. ఉచ్చు కనబడినచో పిల్లలు తాకక పెద్దలకు చెప్పవలెను. పెద్దలు అటవీశాఖకు తెలుపవలెను. తల్లిదండ్రులు ఇంట ఈ మాట చెప్పినచో, బడిలో మేము చెప్పు పాఠము నిలుచును.