పసుపు రాసిన స్క్రిప్టు

సమస్య

మాది కాకినాడ. నాకు నలభై ఒక్క ఏళ్ళు. మావారికి ఎరువుల కొట్టు ఉంది. ఒక్కతే అమ్మాయి, ఇంటర్ చదువుతోంది. నా బాధ మా తమ్ముడి గురించి.

వాడు ఎం.సి.ఎ. చేసి హైదరాబాద్‌లో ఉద్యోగం చేసేవాడు. చిన్నప్పటి నుంచీ మాటకారి. ఏ పెళ్ళికి వెళ్ళినా పదిమంది వాడి చుట్టూ చేరి పొట్ట పట్టుకుని నవ్వేవారు. "నువ్వు సినిమాల్లో ఉండాల్సినవాడివిరా" అని చుట్టాలందరూ అనీ అనీ చివరికి వాడే నమ్మేశాడు. ఉద్యోగం మానేసి, స్నేహితులతో కలిసి సొంతంగా ఒక కామెడీ సినిమా తీశాడు. నిర్మాతంటూ ఎవరూ లేరు, మేమే. నాన్నగారు రామచంద్రపురం దగ్గరున్న స్థలం అమ్మారు. అమ్మ చంద్రహారం బ్యాంకులో కుదువ పెట్టింది. మా అమ్మాయి ఇంజనీరింగ్ కోసం దాచిన ఎఫ్.డి. నేను తీసి ఇచ్చాను. మావారికి ఆ సంగతి తర్వాత చెప్పాను.

ఒక బ్యాండు మేళం వాళ్ళు ఊరి పేరు పొరబడి వేరే వాళ్ళ పెళ్ళికి వెళ్ళిపోతారు, అదీ కథ. స్క్రిప్టు ఫైలు ఇంటికి తెచ్చిన రోజున నాన్నగారు దానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి దేవుడి గూట్లో పెట్టారు. షూటింగు మొదలయ్యేదాకా, అంటే దాదాపు ఎనిమిది నెలలు, అక్కడే ఉంది. అమ్మ రోజూ దీపం పెట్టేటప్పుడు దాని మీదా ఒక పువ్వు ఉంచేది.

విడుదల రోజు చుట్టాలందరినీ వెంటేసుకుని వెళ్ళాం. మొదటి ఇరవై నిమిషాలు నిజంగానే నవ్వాం. పెళ్ళివారి బోర్డు మీద పేర్లు చదివి, కళ్ళజోడు తీసి పంచెతో తుడుచుకుని మళ్ళీ చదివే క్లారినెట్ ముసలాయన సీనుకి హాలంతా నవ్వింది. ఆ తర్వాత కథ ఎటు పోయిందో తెలియదు. దెయ్యం వచ్చింది, తాగుబోతు వచ్చాడు, ఒకడు నత్తిగా మాట్లాడుతుంటాడు, ఇంకొకడు వాణ్ణి కొడుతుంటాడు. జనం ఫోన్లు తీశారు. మా అమ్మాయి నా చెవిలో, "అమ్మా, తప్పు పెళ్ళికి వచ్చామని వాళ్ళకు తెలిసిపోయింది కదా, మరి వెళ్ళిపోరేం?" అని అడిగింది. "ష్, మామయ్య వింటాడు" అన్నాను.

శుక్రవారం వేసిన సినిమా ఆదివారానికి లేదు. థియేటర్లు ఇవ్వలేదంటాడు, పెద్ద సినిమా అడ్డొచ్చిందంటాడు, మనవాళ్ళకు టేస్టు లేదంటాడు. "ఎలా ఉందక్కా?" అని నన్నడిగితే "చాలా బాగుందిరా" అనేశాను. ఇప్పుడు రెండో సినిమా మొదలుపెడతాడట. పసుపు కుంకుమల కింద నాన్నగారు నాకిచ్చిన ఇంటి మీద అప్పు తెస్తానని, సంతకం పెట్టమని అడుగుతున్నాడు. "బాగుందన్నావుగా" అంటున్నాడు. పెట్టకపోతే వాడు నీరుగారిపోతాడని అమ్మ ఏడుస్తోంది. "మీ తమ్ముడి కామెడీకి నవ్వేది అప్పులవాళ్ళే" అని మావారు దెప్పుతున్నారు. నిజం చెబితే తమ్ముడు దూరమవుతాడు. చెప్పకపోతే ఇల్లు పోతుంది. ఏం చెయ్యమంటారు?

ఒక అక్క, కాకినాడ

సలహా

సంతకం పెట్టకండి. ఈసారి ఏ డబ్బు తీసినా మీ ఆయనకు ముందు చెప్పి తీయండి. వడ్డీ పేరుకుని వేలం నోటీసు రాకముందే ఆ చంద్రహారం విడిపించే దారి చూడండి. తమ్ముడు బయట నిర్మాతను వెతుక్కుంటానంటే వెతుక్కోనివ్వండి. మళ్ళీ ఉద్యోగంలో చేరి రాత్రిళ్ళు రాసుకుంటానంటే ఇంకా మంచిది. ఈ మాత్రం సలహా మీ వీధిలో ఎవరైనా ఇస్తారు. ఇందుకోసమే అయితే నేను కలం పట్టేదాన్ని కాదు.

నాచేత ఇది రాయిస్తున్నది దేవుడి గూట్లోని ఆ ఫైలు. పసుపు రాశారు, బొట్టు పెట్టారు, రోజూ పువ్వు ఉంచారు. ఎవరైనా తెరిచారా? మీ ఉత్తరంలో ఎంత వెతికినా ఆ మాట కనిపించలేదు. స్థలం అమ్మిన నాన్నగారు చదవలేదు. పువ్వు పెట్టిన అమ్మ చదవలేదు. కూతురి చదువు డబ్బు తీసిచ్చిన మీరూ చదవలేదు. అదే చంద్రహారం బ్యాంకుకు తీసుకెళితే అప్రైజరు గీటురాయి మీద గీశాడు, తూకం వేశాడు, రాళ్ళ బరువు తీసేశాడు, ఆ తర్వాతే అప్పు ఇంతని చెప్పాడు. బంగారానికి అంత పరీక్ష జరిగింది. ఆ బంగారమంతా ఏ కథ మీద పోశారో దాన్ని మాత్రం ఎనిమిది నెలల పాటు ఒక్కరూ ముట్టుకోలేదు.

పూజ తప్పనడం లేదు. తిరుమల తీసుకెళ్ళి స్క్రిప్టును స్వామి పాదాల దగ్గర పెట్టించుకొచ్చే సినిమావాళ్ళు చాలామంది ఉన్నారు. కాకపోతే కొండెక్కే ముందు ఆ కథను నిర్మాతకు చెప్పి ఉంటారు, హీరోకు చెప్పి ఉంటారు, మొహం మీదే ఆవులించిన వాళ్ళకూ చెప్పి ఉంటారు. మీ తమ్ముడికి ఆవులించే మనిషి ఒక్కడు కూడా దొరకలేదు. మీ ఇంట్లో అందరూ దండం పెట్టేవాళ్ళే.

ఇక మీ అమ్మాయి అడిగిన ప్రశ్న. ఆ పిల్ల ఒక్క ముక్కలో సినిమా జబ్బేమిటో చెప్పేసింది. తప్పు పెళ్ళి అని తెలిశాక వాళ్ళు ఎందుకు వెళ్ళిపోరు? దీనికి జవాబు లేదు కాబట్టే దెయ్యం రావలసివచ్చింది, తాగుబోతు రావలసివచ్చింది. హాస్య కథలో ఇరుక్కున్న మనిషికి బయటపడే దారి ఉండకూడదు. అతని కష్టం అతనికి నిజమైన కష్టం కావాలి. అప్పుడే మనం నవ్వుతాం.

1955లో వచ్చిన 'మిస్సమ్మ' మీరు చూసే ఉంటారు. పెళ్ళికాని ఇద్దరు మొగుడూ పెళ్ళాలమని చెప్పుకుని అప్పాపురం బడిలో చేరతారు. సావిత్రికి ఆ నాటకం ఒక్క పూట కూడా ఇష్టం లేదు. మరి మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోదేం? డేవిడ్ అనేవాడి దగ్గర ఉన్న అప్పు తీర్చాలి. ఉద్యోగమేమో దంపతులకే ఇస్తామన్నారు. ఆ అప్పు ఒక్కటి తీసేసి చూడండి, సినిమాలో మిగిలేది పాటలే. అంత వెనక్కి వెళ్ళడం ఎందుకంటారా, 2016లో వచ్చిన 'పెళ్ళి చూపులు' చూడండి. అది కూడా మీ తమ్ముడి కథలాంటి పొరపాటుతోనే మొదలవుతుంది. అబ్బాయి వాళ్ళు వెళ్ళవలసిన ఇంటికి కాకుండా వేరే ఇంటికి పెళ్ళిచూపులకు వెళతారు. కానీ గది తలుపు పడిపోయింది, ఇద్దరూ బయటికి రాలేరు, ఇక మాట్లాడుకోక తప్పదు. ఆ చిన్న సినిమాకు ఉత్తమ తెలుగు చిత్రంగానే కాక సంభాషణలకూ జాతీయ అవార్డు వచ్చింది.

మీ తమ్ముడి బ్యాండువాళ్ళకు తలుపు ఎవరు వేశారు? అడ్వాన్సు డబ్బంతా వ్యాను డీజిలుకు, దారిలో భోజనాలకు అయిపోయిందా? ఈ పెళ్ళికి రావలసిన మేళం రాక, ముహూర్తం ముంచుకొచ్చి, ఆడపెళ్ళివారు వీళ్ళ కాళ్ళు పట్టుకున్నారా? అసలు పెళ్ళివారు కర్రలు పట్టుకుని ఊరి బయట కాపు కాశారా? ఇందులో ఏ ఒక్కటున్నా సరిపోయేది. మీ అమ్మాయి ఆ ఫైలు చదివి, ఒకనాటి రాత్రి అన్నాల దగ్గర ఇదే ప్రశ్న అడిగి ఉంటే మీ తమ్ముడు అలిగి, కంచం ముందునుంచి లేచి, మర్నాటికి జవాబు రాసుకొచ్చేవాడు. అప్పటికి ఖర్చు నాలుగు తెల్లకాగితాలు. హాల్లో ఆ ప్రశ్న వచ్చేసరికి స్థలం, హారం, ఎఫ్.డి. అన్నీ అయిపోయాయి. అక్కడైనా మీరు ఆ పిల్ల నోరు మూయించారు!

థియేటర్లు దొరకలేదన్నది పూర్తిగా అబద్ధం కాదు. అండ లేని చిన్న సినిమా హాలు అద్దె, ప్రొజెక్షన్ ఛార్జీలు చేతి నుంచి కట్టుకుంటుంది. పెద్ద హీరో బొమ్మ పడితే ఈ చిన్నదాని ఆటలు ఎత్తేస్తారు. ఈ అన్యాయం ఉన్నదే. కానీ 2018లో 'కేరాఫ్ కంచరపాలెం' వచ్చినప్పుడు అందులో మొహం తెలిసిన నటుడు ఒక్కడూ లేడు, చాలామంది ఆ పేటవాళ్ళే. ఆ సినిమానూ 'పెళ్ళి చూపులు'నూ తీశాక చూసి, నచ్చి, పెద్ద నిర్మాణ సంస్థే జనంలోకి తెచ్చింది. అందుకని, టేస్టు లేదన్న మాట మీ తమ్ముణ్ణి ఇంకెక్కడా అననివ్వకండి. ఇరవై నిమిషాలు నవ్విన జనమే ఆ తర్వాత ఫోన్లు తీశారు. ఇరవై ఒకటో నిమిషంలో వాళ్ళ టేస్టు ఎక్కడికి పోయిందట?

హాస్యం రాసినంత తేలిగ్గా ఇంకేదీ రాయలేమని మనవాళ్ళకు ఒక భ్రమ. పెళ్ళిళ్ళలో నవ్వించేవాడు సినిమాలో నవ్వించలేడా అనుకుంటారు. పెళ్ళిలో వినేవాళ్ళకు ఆ మేనమామ ఎవరో తెలుసు, ఆ పిన్నిగారి నడక తెలుసు. సగం నవ్వు అక్కడే సిద్ధంగా ఉంటుంది. సినిమా హాలులో చీకట్లో కూర్చున్నవాడికి ఎవరూ తెలియదు, అన్నీ కాగితం మీదే పుట్టించాలి. 'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో ఆడినప్పుడే జనం మెచ్చారు. 1897లో అచ్చయింది. అంత పేరొచ్చిన నాటకాన్ని గురజాడ అంతటితో వదిలేశారా? దాదాపు కొత్తగా తిరగరాసి 1909లో మళ్ళీ అచ్చు వేశారు. మనం గిరీశాన్ని తలుచుకుని నవ్వుతున్నామంటే ఎక్కువగా ఆ రెండో రాత వల్లే. జంధ్యాల నాటకాలు రాసి రాసి సినిమాకు వచ్చిన మనిషి, మాటలకు కరువు లేదు. అయినా 'శ్రీవారికి ప్రేమలేఖ'కు పొత్తూరి విజయలక్ష్మి నవలను, 'అహ నా పెళ్ళంట'కు ఆదివిష్ణు నవలను తీసుకున్నారు. పాఠకులు చదివి నవ్వాక తెరకెక్కిన కథలవి. మీ తమ్ముడిది మాత్రం దేవుడి గూట్లోంచి నేరుగా కెమెరా ముందుకు వెళ్ళింది.

మీ ఇంటిని ఒక్కదాన్నే అని ఏం లాభం, మన ఇళ్ళన్నీ ఇంతే. పిల్లవాడు ఏదైనా చేస్తానంటే కొన్ని ఇళ్ళలో మొదటి రోజే కాళ్ళు విరగ్గొడతారు, కొన్ని ఇళ్ళలో హారతి ఇస్తారు. వాడు చేసిందేమిటో ఈ రెండు ఇళ్ళలోనూ ఎవరూ చూడరు. డబ్బు పెడితే ప్రేమ చూపించినట్టేనని అనుకుంటాం. కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివి, "ఇక్కడ నాకు అర్థం కాలేదురా" అనడం కూడా ప్రేమేనని ఎవరికీ తట్టదు. అలా అంటే వాడు చిన్నబుచ్చుకుంటాడని భయం. మరి ఇదే ఇంట్లో మీరు పెట్టిన పులుసులో ఉప్పు ఎక్కువైతే మొదటి ముద్దకే చెప్పరా? ఇంట్లో ఆడవాళ్ళు ఏం చేసినా ఆ క్షణమే తీర్పు, కొడుకు చేస్తే నోటికి తాళం. మీ తమ్ముడికి ముప్పై దాటి ఉంటాయి. ఇన్నేళ్ళలో ఇంట్లోవాళ్ళ నోట ఒక్క నిజమైన విమర్శ వినలేదు. మొదటిసారి విన్నది టికెట్టు కొన్న పరాయివాళ్ళ దగ్గర. ఆ దెబ్బ గట్టిగానే తగిలి ఉంటుంది. దాన్నుంచి తప్పించుకోవడానికే థియేటర్లనీ టేస్టనీ తిడుతున్నాడు. మీరందరూ ఆ తిట్లకు తలూపుతున్నారు.

నిజం చెబితే దూరమవుతాడని రాశారు. దూరం చేసేది మీ "చాలా బాగుందిరా" అన్న మాటే. ఇవాళ సంతకం పెట్టమంటూ మీ ముందుకు తిరిగొచ్చింది అదే కదా. అలాగని ఇప్పుడెళ్ళి "బాగాలేదు" అని ఒక్క ముక్క అనేసి రాకండి. దానివల్ల వాడికి ఏమీ తెలియదు. ఒక ఆదివారం వాడి ల్యాప్‌టాప్‌లోనే ఆ సినిమా పెట్టించుకుని పక్కన కూర్చోండి. నవ్వొచ్చిన చోట నవ్వండి. మనసు పక్కకు పోయిన చోట ఆపమని, ఎందుకు పోయిందో చెప్పండి. క్లారినెట్ ముసలాయన కళ్ళజోడు తుడుచుకోవడం వాడు ఎక్కడో కళ్ళారా చూసి రాసుకున్నది. దెయ్యాన్నీ నత్తినీ వేరే సినిమాల నుంచి తెచ్చుకున్నాడు. ఆ తేడా వాడికి తెలిసేలా చెప్పాలంటే మీకు సినిమా తెలియక్కర్లేదు, నవ్వు ఎక్కడ ఆగిందో గుర్తుంటే చాలు. ఇంకొకడి నత్తిని పట్టుకుని ఏడిపించి నవ్వించాలనుకోవడం హాస్యం కాదని నా మాటగా కూడా చెప్పండి.

రెండో కథ రాసుంటే ఫైలు నేరుగా మీ చేతికి ఇమ్మనండి, గూట్లోకి తర్వాత వెళుతుంది. మీరు చదవండి, మీ అమ్మాయి చేత చదివించండి, దెప్పే మీ ఆయన్ను కూడా కూర్చోబెట్టి వినిపించండి. ఆయన నవ్వితే అంతకంటే పరీక్ష లేదు. ఇల్లు మాత్రం ఏ కథకూ తాకట్టు పెట్టకండి, అది ఎంత బాగున్నా సరే. అమ్మగారు ఏడిస్తే ఏడవనివ్వండి. మీ తమ్ముడు చదువుకున్నవాడు, పని చేతనైనవాడు. అక్క సంతకం పెట్టనందుకు నీరుగారిపోయేవాడైతే సినిమా తీయలేడు. అలా పోనివాడైతే మళ్ళీ రాసుకొస్తాడు.