ముందు కప్పు సంగతి చూడు

చి. కిరణ్‌కు,

సొట్టల సంగతి తర్వాత చూద్దాంరా. నువ్వు పంపిన ఫోటోలన్నీ నీ ట్రైలర్ పక్కగోడ రేకువే, కప్పుది ఒక్కటీ లేదు. వడగళ్లు పడింది పైనుంచి కదా నాన్నా! "పక్క రేకులు మార్పించడానికి ఎంతవుతుంది బాబాయ్" అని అడిగావు. ఆ సొట్టలతో అది ఇంకో పదేళ్లు నిక్షేపంగా తిరుగుతుంది. కప్పులో పుల్లంత సందు ఉంటే మాత్రం అన్నాళ్లు రాదు.

డాలస్ వైపు వసంతమంటే వడగళ్ల కాలమే. అంగుళం సైజు గానీ అంతకు మించి గానీ ఉంటేనే అక్కడి వాతావరణశాఖ తీవ్రమైనవని లెక్కకడుతుంది. నువ్వు చెప్పిన గోల్ఫ్ బంతి సైజు అంగుళంముప్పావు. ఆ దెబ్బకు రబ్బరు కప్పు ఒక్కోసారి ఓర్చుకుంటుంది గానీ, దాని మీదున్న ప్లాస్టిక్ ఓర్చుకోదు. వెంట్ మూతలు, స్కైలైట్, ఏసీ మీది డొప్ప ఎండకు పెళుసెక్కి ఉంటాయి. ఒక్కొక్కటీ చూడు. ఏసీ డొప్ప పగిలితే లోపలి సన్నటి అల్యూమినియం రేకులు కూడా అణిగిపోయాయేమో చూడు.

ఆ తర్వాత ప్రతి వెంట్ చుట్టూ ఉన్న సీలెంట్ మీద వేలు పెట్టి నొక్కుతూ వెళ్లు. మంచి సీలెంట్ కాస్త మెత్తగా, అంచు కప్పుకు అంటుకుని ఉంటుంది. ఎక్కడైనా నీ గోరు దూరిందంటే అక్కడ నీళ్లూ దూరతాయి.

నీరు పల్లమెరుగు అంటారు చూడు, బండి రిపేరులో నేను నమ్మేది అదొక్కటే. ముందు వెంట్ దగ్గర దిగిన నీళ్లు కప్పు కింది చెక్క పట్టుకుని జారి, ఎక్కడో వెనక మంచం పక్కన మరకగా తేలతాయి. మనవాళ్లు ఆ మరక దగ్గర పూత పూసి, పనైపోయిందనుకుంటారు. పైగా నీది చెక్క ఫ్రేము మీద అల్యూమినియం రేకు బిగించిన బండి. ఫైబర్‌గ్లాస్ అతికించిన గోడలైతే తడిసినప్పుడు బుడగలా ఉబ్బి కనీసం చెబుతాయి. నీ రేకు బయట నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల చెక్క పుచ్చిపోతూ ఉంటుంది. అందుకే అల్మరాలు ఖాళీ చేసి పై మూలలూ, కిటికీల కిందా, స్లైడ్-అవుట్ అంచులూ అరచేత్తో నొక్కి చూడమంటున్నాను. మెత్తగా తగిలితే అదే అసలు నష్టం. చెక్కలో తేమ చూపే మీటరు హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది, కొనుక్కో. తడిసిన చోటు 24 నుంచి 48 గంటల్లో ఆరకపోతే బూజు పట్టే ప్రమాదం ఉంది. ఫ్యాన్లు ఈ రాత్రే పెట్టు. దానికి ముందు కరెంటు తీగల్లోకీ ప్లగ్గుల్లోకీ నీళ్లు చేరలేదని ఖాయం చేసుకో.

ఇక నువ్వు చెప్పిన ఆ బాత్రూం సిలికాన్ ట్యూబు! దాన్ని కప్పు మీదికి తీసుకెళ్లావంటే నాకు నిజంగా కోపమొస్తుంది. రబ్బరుకు అది సరిగ్గా అంటదు, తర్వాత దాని మీద మంచి సీలెంటూ అంటదు. చివరికి అంతా గీకి తీయాల్సి వస్తుంది. తారు పూతలూ వద్దు, పెట్రోలియం సరుకు తగిలితే కప్పు మీది ఈపీడీఎం రబ్బరు ఉబ్బుతుంది. ప్రస్తుతానికి చిరుగుల చుట్టూ శుభ్రంగా తుడిచి, బాగా ఆరనిచ్చి, ఎటర్నాబాండ్ అనే సీలింగ్ టేపు వేసి రోలరుతో గట్టిగా అదుము. టార్పాలిన్ కడితే బిగించి కట్టు. వదులుగా ఉంటే గాలికి కొట్టుకుని రబ్బరునే ఒరిపిడి పెడుతుంది.

టేపు వేసే ముందే ప్రతి దెబ్బ పక్కనా కొలత టేపు పెట్టి ఫోటో తియ్యి. వడగళ్ల నష్టం కాంప్రహెన్సివ్ కవరేజీలో వస్తుంది, నీ పాలసీలో అది ఉందో లేదో చూసుకో. పాతబడి కారే కప్పుకు వాళ్లు డబ్బివ్వరు. ఏది తుఫాను దెబ్బో, ఏది ముందునుంచీ ఉన్న అరుగుదలో నీ ఫోటోలే తేల్చాలి. నష్టం పెరగకుండా ఆపడం కూడా పాలసీదారు బాధ్యతే కనుక టేపు, టార్పాలిన్ రసీదులు దాచు. తరుగుదల తీసేసి ఇస్తారా, కొత్తదాని ఖరీదు ఇస్తారా అన్నది ఫోన్లో అడక్కు, పాలసీ కాగితంలో చదువు.

తుఫాను మర్నాడే తలుపు తట్టి "డిడక్టిబుల్ మేం చూసుకుంటాం, ఇక్కడ సంతకం చెయ్యండి" అనేవాళ్లు వస్తారు. సంతకం పెట్టకు. నువ్వే వెతికి, ఆర్‌వీ కప్పులు చేసే షాపులు రెండింటి దగ్గర రాతపూర్వకంగా ఎస్టిమేట్ తీసుకో. గోడ విప్పాక లోపల పుచ్చు కనిపిస్తే అదనపు క్లెయిమ్ వెయ్యొచ్చు, పని ఆపి ఇన్సూరెన్స్ వాళ్లకు చూపించమని షాపువాళ్లకు ముందే చెప్పు. ఎస్టిమేట్లు వచ్చాక నాకు పంపు, చూసి చెబుతాను. అప్పటిదాకా దేనిమీదా సంతకం పెట్టొద్దు.

ఆశీస్సులతో,
బాబాయ్