కోడ్ రాయండి, పేరు పలకండి

రైల్వే ఆపరేటింగ్‌లో కొత్తగా చేరారా? ముందు స్టేషన్ కోడ్ల పని పట్టండి. ఊరి పేరు చూసి కోడ్ ఊహిస్తే దొరికిపోతారు. విజయవాడ కోడ్ బి.జెడ్.ఎ. అది బెజవాడ నాటిది. కాకినాడ టౌన్‌ది సి.సి.టి, దొరలు కొకనాడ అనేవారు కాబట్టి. అసలు చిక్కు సి.హెచ్.ఇ. చెన్నై అనుకుంటారు, కానీ అది శ్రీకాకుళం రోడ్. చికాకోల్ అన్న పాత పేరు అందులో మిగిలింది. చెన్నై సెంట్రల్‌ది ఇప్పటికీ మద్రాసు నాటి ఎం.ఎ.ఎస్. అందుకే మీ సెక్షన్‌లోని ఊళ్ల పాత పేర్లు సీనియర్లను అడిగి రాసుకోండి, సగం కోడ్లు వాటంతటవే గుర్తుంటాయి. కడపకు హెచ్.ఎక్స్. ఎందుకో మాత్రం పాత పేరు చూసినా అంతుపట్టదు, బట్టీ కొట్టాల్సిందే.

గుడివాడ జి.డి.వి, గూడూరు జి.డి.ఆర్. నిడదవోలు ఎన్.డి.డి, నంద్యాల ఎన్.డి.ఎల్. కాగితం మీద తేడా తెలుస్తుంది, గరగరలాడే ఫోన్లో తెలియదు. రిజిస్టర్లో కోడ్ రాయండి, నోటితో మాత్రం ఊరి పేరు పూర్తిగా చెప్పండి. ప్రైవేట్ నంబరూ అంతే: "నలభై ఏడు" అనకుండా "నాలుగు, ఏడు" అని విడదీసి చెప్పి, అవతలివారు తిరిగి చెప్పేదాకా ఫోన్ పెట్టకండి.

పాత యార్డుల్లో క్యాబిన్లకు ఈస్ట్, వెస్ట్ అనో, ఎ, బి అనో పేర్లుండేవి. లివర్లు పోయి ప్యానెళ్లు వచ్చినా చాలాచోట్ల సిబ్బంది నోట ఆ పేర్లే నడుస్తాయి. అవి యార్డులో ఏ వైపో మొదటి రోజే అడిగి తెలుసుకోండి, మొహమాటపడకండి.

సిగ్నల్ స్తంభం మీది బిళ్ల కూడా చదవాలి. 'ఎ' ఉంటే ఆటోమేటిక్ సిగ్నల్: ఎర్రగా ఉంటే లోకో పైలట్ పగలు 1 నిమిషం, రాత్రి 2 నిమిషాలు ఆగి, ఆపై రూల్ ప్రకారం జాగ్రత్తగా కదలవచ్చు. 'ఐబి' బిళ్ల దగ్గర ఆ పప్పులుడకవు, మొదట వెనకనున్న స్టేషన్ మాస్టర్‌తో మాట్లాడాలి. 'జి' గేటు సిగ్నల్, దాని రూల్ వేరు.

ఇవన్నీ మీ స్టేషన్‌లో ఎలా అమలవుతాయో స్టేషన్ వర్కింగ్ రూల్స్‌లోనూ, దానితో ఉండే యార్డు పటంలోనూ ఉంటుంది. ఛార్జి తీసుకునేముందు అది చదివి అర్థమైందని సంతకం పెట్టమంటారు. చదవకుండా పెట్టకండి.