సాధారణ పాఠశాలలో ప్రత్యేక విద్య: లెక్కలోకి రాని బిడ్డకు నిధి రాదు

తెలుగు ఇంటి నుండి వచ్చిన పిల్లవాడు హోసూరు బడిలో నోరు విప్పకుండా కూర్చుంటే దానికి రెండు వివరణలు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. తమిళం ఇంకా పట్టుబడలేదు, వస్తే సర్దుకుంటాడు అన్నది ఒకటి. వీడికి చదువు అబ్బదు అన్నది రెండవది. ఈ రెండింటిలో ఏది పొరపాటైనా నష్టపోయేది పిల్లవాడే. భాషా సమస్యను బుద్ధిలోపంగా ఎంచితే చురుకైన బిడ్డ వెనుక వరుసకు చేరుతాడు. వినికిడి లోపాన్నో, అభ్యసన వైకల్యాన్నో భాషా సమస్యగా కొట్టివేస్తే శిక్షణకు అత్యంత అనుకూలమైన తొలి సంవత్సరాలు చేజారిపోతాయి. సిప్‌కాట్ కర్మాగారాలకు, కట్టడాల పనులకు, పూలతోటలకు ఉపాధి వెదుక్కుంటూ సరిహద్దు దాటి వచ్చిన కుటుంబాలలో ఈ రెండవ నష్టమే ఎక్కువగా కనబడకుండా జరిగిపోతుంది. ఈ పాఠం ఉద్దేశం ఆ తేడాను గుర్తించడం, గుర్తించిన తరువాత బిడ్డకు చట్టం ఏమి ఇస్తున్నదో, ఆ సహాయానికి డబ్బు ఏ దారిన వస్తుందో తెలుసుకోవడం.

మొదటి పరీక్ష జరగవలసినది బడిలో కాదు, ఇంటిలో. పిల్లవాడు తెలుగులో ఎలా ఉన్నాడో గమనించండి. అవ్వ చెప్పిన కథను తన మాటలలో తిరిగి చెప్పగలిగి, వీధి పిల్లలతో ధారాళంగా పోట్లాడగలిగి, బడిలో మాత్రమే మౌనం వహిస్తే అది చాలావరకు భాషకు సంబంధించిన విషయమే. అలా కాక ఇంటి భాషలోనూ వయసుకు తగిన వాక్యాలు రాకపోయినా, వెనుక నుండి పిలిస్తే తిరిగి చూడకపోయినా, వారాల పేర్లు, అంకెల వరుస మాటిమాటికీ మరచిపోతున్నా, తోటి పిల్లల ఆటలో కలవలేకపోతున్నా పరీక్ష చేయించవలసిందే. వైకల్యం ఒక భాషలో ఉండి మరొక భాషలో మాయమైపోదు.

చదవడం, వ్రాయడం విషయంలో మరికొంత జాగ్రత్త అవసరం. తెలుగులో క, ఖ, గ, ఘ అని నాలుగు అక్షరాలున్నచోట తమిళానికి ఒకటే అక్షరం. పదంలో దాని స్థానాన్ని బట్టి ఉచ్చారణ మారుతుంది. వత్తులు నేర్చిన చేతికి తమిళంలో అక్షరం నెత్తిన చుక్క పెట్టి హల్లులను పక్కపక్కన వ్రాయడం కొత్త. తమిళంలో ల, ళలకు తోడు మనకు లేని మూడవ ధ్వని ఒకటుంది. కనుక తెలుగు బిడ్డ తమిళ నోటుపుస్తకంలో ఈ చోట్ల చేసే తప్పులను ముందే ఊహించవచ్చు, ఒకటి రెండు సంవత్సరాలలో అవి తగ్గుతాయి. అటువంటి తప్పులను చూసి అభ్యసన వైకల్యం అనే ముద్ర వేయడం తొందరపాటు. రెండు లిపులలోనూ చిన్న పదాన్ని సైతం కూడబలుక్కోలేకపోవడం, నిన్న చదివిన పదమే ఈనాడు అపరిచితంగా కనబడడం, నోటితో చక్కగా చెప్పిన జవాబును కాగితం మీద పెట్టలేకపోవడం, ఇవి వేరే జాతి లక్షణాలు. పరీక్ష చేసే నిపుణునికి ఇంటి భాష తెలుగు అని మొదటనే చెప్పాలి. మాటలకు సంబంధించిన ప్రశ్నలు తెలుగులో అడగమనాలి. భాష తెలియని బిడ్డను తెలియని భాషలో కొలిస్తే వచ్చేది అతని తెలివి కొలత కాదు.

ఇక చట్టం సంగతి. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న విద్యా హక్కు చట్టం 6 నుండి 14 సంవత్సరాల పిల్లలందరికీ వర్తిస్తుంది. 2012 సవరణ దివ్యాంగ బాలలను ఆ చట్టంలో స్పష్టంగా చేర్చింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అభ్యసన వైకల్యం, ఆటిజం, మాట-భాషా వైకల్యం ఆ జాబితాలో ఉన్నాయి. దాని 31వ సెక్షన్ ప్రకారం 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్న బిడ్డకు 6 నుండి 18 సంవత్సరాల వరకు ఉచిత విద్య పొందే హక్కు కలదు. ఇంటి సమీపంలోని సాధారణ పాఠశాలా, ప్రత్యేక పాఠశాలా అన్న ఎంపిక కుటుంబానిదే. "మా బడిలో ఇటువంటి పిల్లలకు వసతి లేదు, ప్రత్యేక పాఠశాలకు తీసుకుపోండి" అని త్రిప్పి పంపే అధికారం ప్రభుత్వ నిధితో నడిచే ఏ బడికీ లేదు.

అదే చట్టంలోని 17వ సెక్షన్‌లో తెలుగువారు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన మాట ఒకటుంది. పరీక్షలో అదనపు సమయం, వ్రాసిపెట్టే సహాయకుడు అనే సదుపాయాలతోపాటు రెండవ, మూడవ భాషల నుండి మినహాయింపును కూడా అది పేర్కొంటుంది. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం వలన ఈ రాష్ట్రంలో పదవ తరగతి వరకు తమిళం తప్పనిసరి. తెలుగు, తమిళం, ఆంగ్లం మూడింటినీ మోయవలసిన బిడ్డకు అభ్యసన వైకల్యం తోడైతే ఆ భారం ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు. మినహాయింపు ఏ భాషకు, ఏ పత్రాల మీద లభిస్తుందన్నది ఆ ఏటి పరీక్షల శాఖ ఉత్తర్వును బట్టి ఉంటుంది. దరఖాస్తు ప్రధానోపాధ్యాయుని ద్వారానే వెళ్ళాలి. పదవ తరగతి సగం గడిచాక పరుగెత్తేకంటే తొమ్మిదవ తరగతిలోనే అడగడం మేలు.

డబ్బు విషయం కొంచెం వివరంగా చూడవలసి ఉన్నది. సాధారణ బడులలో ప్రత్యేక విద్యకు ప్రధానమైన నిధి 2018లో ఆరంభమైన సమగ్ర శిక్షా పథకం. ఖర్చులో 60 శాతం కేంద్రం, 40 శాతం రాష్ట్రం భరిస్తాయి. ప్రత్యేక అవసరాలున్న ఒక్కొక్క బిడ్డకు సంవత్సరానికి గరిష్ఠంగా రూ. 3,500 చొప్పున లెక్క కడతారు. ఇది తల్లిదండ్రుల చేతికి వచ్చే సొమ్ము కాదు. గుర్తింపు శిబిరాలు, ఉపకరణాలు, బోధన సామగ్రి, రాకపోకల ఖర్చు, వెంట వచ్చే మనిషికి భత్యం వంటివి దీనిలోనుండే జరగాలి. నేరుగా చేతికి వచ్చేది బాలికలకిచ్చే నెలకు రూ. 200 భత్యం, అదీ సంవత్సరానికి 10 నెలలు.

రూ. 3,500ను 12 నెలలకు పంచితే నెలకు రూ. 292 కూడా కాదు. 2018 నుండి ఈ మొత్తం పెరగలేదు. బయట ధర చెల్లించి మాట శిక్షణ ఇప్పించిన వారెవరికైనా ఇది ఎంత స్వల్పమో తెలుసు. అయినా ఈ స్వల్పమైన మొత్తమూ తలల లెక్క మీదనే వస్తుంది. ఒక బడిలో నిజంగా పదిమంది ఇటువంటి పిల్లలున్నారనుకుందాం. వారిలో ముగ్గురి పేర్లు మాత్రమే నమోదైతే ఆ బడి తరఫున ప్రణాళికలో చేరేది రూ. 10,500. పదిమందీ నమోదైతే రూ. 35,000. అంతకంటె ముఖ్యమైనది ఉపాధ్యాయుని సంగతి. రజనీష్ కుమార్ పాండే కేసులో 2021 అక్టోబరు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రాథమిక స్థాయిలో ఇటువంటి పదిమంది పిల్లలకు ఒకరు, పై తరగతులలో పదిహేను మందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలన్నది. పోస్టులు మంజూరు చేసి ప్రకటించాలని 2025 మార్చిలో అదే న్యాయస్థానం రాష్ట్రాలను మళ్ళీ ఆదేశించింది. ముగ్గురే ఉన్నారని కాగితం చెబితే ఆ బడికి ఒక ఉపాధ్యాయుని కోరడానికి ఆధారమే ఉండదు. "నలుగురిలో ముద్ర పడుతుందేమో, రేపు పెళ్ళికి అడ్డమేమో" అని తల్లిదండ్రులు దాచిన పేరు తమ బిడ్డతోపాటు పక్క బెంచీ బిడ్డకు రావలసిన గురువును కూడా దూరం చేస్తుంది. కటువుగా ఉన్నా ఈ మాట చెప్పక తప్పదు.

నిధి పైనుండే ఆగిపోయే సందర్భాలూ ఉన్నాయి. పీఎం శ్రీ పాఠశాలల ఒప్పందంపై కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల మధ్య ఏర్పడిన వివాదంలో 2024-25కు తమిళనాడుకు రావలసిన సుమారు రూ. 2,152 కోట్లు సమయానికి విడుదల కాలేదు. 2025 మే నెలలో రాష్ట్రం సుప్రీంకోర్టును ఆశ్రయించింది. వివాదంలో న్యాయాన్యాయాలు తేల్చడం ఈ పుస్తిక పని కాదు. అయితే ప్రత్యేక ఉపాధ్యాయుల వేతనాలు ఇదే పథకానికి ముడిపడి ఉన్నందున, ఢిల్లీలో ఆగిన సొమ్ము ఫలితం శూలగిరి, తళి బడులదాకా వస్తుందని తెలిసి ఉండడం మంచిది. స్థానిక సొమ్ము కూడా ఒకటి కలదు. నగరంలో వసూలయ్యే ఆస్తి పన్నులో విద్యా పన్ను ఒక భాగం. అద్దె ఇంటివారు కూడా పరోక్షంగా దానిని కడుతున్నవారే. బడిలో ర్యాంపు, చక్రాల కుర్చీ పట్టే మరుగుదొడ్డి అడిగేటప్పుడు మీ వార్డు సభ్యునికి ఈ సంగతి గుర్తుచేయవచ్చు.

అడగవలసిన చోట్ల పేర్లు తెలియక తిరిగి వచ్చేవారు చాలామంది. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో మీరు భవిత కేంద్రం అని ఎరిగినదానికి దగ్గరగా ఇక్కడ ఉన్నది "వట్టార వళ మైయం". కృష్ణగిరి జిల్లాలోని 10 యూనియన్లలోనూ ప్రత్యేక ఉపాధ్యాయులు దీని నుండే బడులకు వెళతారు. "మాట్రుత్తిరనాళిగళ్ నల అలువలగం" అన్న బోర్డు దివ్యాంగుల సంక్షేమ కార్యాలయానిది. ఆంధ్రలో వికలాంగులు పోయి విభిన్న ప్రతిభావంతులు వచ్చినట్లే ఇక్కడా పాత మాట పోయి ఈ మాట వచ్చింది. మాట మారినంత త్వరగా మెట్లు ర్యాంపులుగా మారి ఉంటే ఎంత బాగుండేదో! సొంత ఊరిలో తీసిన సదరం పత్రాన్ని పారవేయకండి. దాని ఆధారంగా యూడీఐడీ కార్డుకు దరఖాస్తు చేయండి. చట్టం ప్రకారం వైకల్య ధ్రువపత్రం దేశమంతటా చెల్లుతుంది. అభ్యసన వైకల్యానికి ధ్రువపత్రం 8 సంవత్సరాలు నిండిన తరువాతనే ఇస్తారు, 14, 18 ఏళ్ళ వయసులో మళ్ళీ పరీక్షిస్తారు. అంతవరకు బడిలో సహాయం ఆపి ఉంచనక్కరలేదు. వైకల్యాన్ని వీలైనంత త్వరగా గుర్తించి తగిన విధంగా బోధించడం 16వ సెక్షన్ ప్రకారం బడి బాధ్యత.

ప్రత్యేక ఉపాధ్యాయుడు వారానికొక రోజు వచ్చి బిడ్డను వరండాలో కూర్చోబెట్టి బొమ్మలు చూపించి వెళితే దానిని సమ్మిళిత విద్య అనలేము. మిగిలిన నాలుగు రోజులు పాఠం చెప్పేది తరగతి ఉపాధ్యాయుడే. వినికిడి తక్కువైన బిడ్డను ముందు వరుసలో కూర్చోబెట్టడం, నల్లబల్ల వైపు తిరిగి కాక ముఖం కనబడేలా మాట్లాడడం, వ్రాయలేని బిడ్డను నోటితో జవాబు చెప్పనివ్వడం, వీటికి రూపాయి ఖర్చు లేదు. ఆ పద్ధతులు తరగతి ఉపాధ్యాయునికి నేర్పడం ప్రత్యేక ఉపాధ్యాయుని పనిలో సగం కావాలి. మీరు బడికి వెళ్ళినప్పుడు "ఆయన ఎన్నిసార్లు వచ్చారు?" అని మాత్రమే కాక "ఆయన చెప్పినదానిలో తరగతిలో ఏది అమలవుతున్నది?" అని కూడా అడగండి.

అడగడానికి సరైన వేదిక "పళ్ళి మేలాణ్మై కుళు", అనగా పాఠశాల యాజమాన్య కమిటీ. దీనిలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, మొత్తంలో సగం మంది స్త్రీలు ఉండాలి. అణగారిన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు తగిన ప్రాతినిధ్యం ఇవ్వాలి, 2012 సవరణతో దివ్యాంగ బాలలు ఆ నిర్వచనంలోకి వచ్చారు. బడి అభివృద్ధి ప్రణాళికను తయారుచేసేది ఈ కమిటీయే. మనకు తమిళం రాదని అమ్మలు ఈ సమావేశాలకు వెళ్ళడం మానుకోవద్దు. హోసూరు బడులలో తెలుగు అర్థం చేసుకునేవారు కొదువ కాదు.

అక్కడ పని జరగకపోతే వ్రాతపూర్వకంగా కోరాలి. సోమవారాలలో కృష్ణగిరి కలెక్టరు కార్యాలయంలో ప్రజల వినతులు స్వీకరిస్తారు. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం దేశంలోగాని, రాష్ట్రంలోగాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారికి విన్నపం ఇవ్వవచ్చు. తెలుగులో వ్రాసి క్రింద తమిళంలో రెండు వాక్యాల సారం జతచేస్తే జవాబు త్వరగా వస్తుంది. విన్నపంలో బిడ్డ పేరు, తరగతి, బడి రికార్డులోని ఎమిస్ సంఖ్య, వైకల్యం రకం, ధ్రువపత్రం ఉంటే దాని సంఖ్య వ్రాయండి. "మా బిడ్డ పేరు ప్రత్యేక అవసరాల జాబితాలో నమోదైనదో లేదో తెలుపవలెను, నమోదు కానట్లయితే చేయవలెను" అన్నది మొదటి కోరికగా ఉండాలి. ఉపకరణం, శిక్షణ, రాకపోకల భత్యం ఆ తరువాత వరుసగా వ్రాయండి. ఒక ప్రతి మీద తేదీతో కూడిన కార్యాలయ ముద్ర వేయించుకొని ఇంటిలో భద్రపరచుకోండి.