శరత్కాలపు తుది దినములు: నానాదేశముల వాతావరణమును మన వరికోతయు

మేము మిషను పాఠశాలలో చదువుకొను దినములలో ఆంగ్ల వాచకమున నవంబరు మాసమును గూర్చిన పాఠ మొకటి యుండెడిది. ఆ మాసమున చెట్లు ఆకులు రాల్చి మోడులై నిలుచుననియు, ప్రొద్దెక్కినను పొగమంచు విడువదనియు, రైతు పొలము పనులు చాలించి నెగడి దగ్గఱ కూర్చుండుననియు అందు వ్రాసియుండెను. ఆ పాఠము చదువుచునే మేము కిటికీలోనుండి బయటికి చూచెడివారము. అచట పసుపువన్నె తిరిగిన వరిచేలు, గట్లమీద కొడవండ్లు చేతబట్టిన కూలివారు, నడినెత్తిని చుఱ్ఱుమను ఎండ. వాచకము అబద్ధమా, కిటికీ అబద్ధమా యని మాలో మేము వాదులాడుకొనెడివారము. రెండును నిజములే యనియు, ఒకే మాసము ఒక్కొక్క సీమలో ఒక్కొక్క తీరున నడచుననియు తరువాత భూగోళ పాఠములవలన తెలిసికొంటిమి.

పరదేశముల చలియు ఎండయు మనకేల యని సోదర కర్షకులు కొందఱు అడుగవచ్చును. కార్తీకమాసమున మన పంట చేతికి వచ్చు సమయమందే మనకు గొప్ప అపాయము కూడ కలదు. ఇతర దేశముల రైతులు ఈ మాసమున దేనికి భయపడుదురో, ఆ భయమునకు ముందుగా ఏమి సిద్ధపఱచుకొందురో తెలిసికొన్నచో, మనము సిద్ధపఱచుకొనక విడిచినది ఏదియో మనకే స్పష్టమగును. ఈ వ్యాసము వ్రాయుటకు కారణ మదియే.

కారణములు

భూమి యొక్క ఇరుసు సుమారు 23½ డిగ్రీలు వాలియున్నది. కార్తీకము నాటికి భూగోళపు ఉత్తరార్ధము సూర్యునినుండి ఆవలకు ఒఱగుచుండును. కాన ఉత్తరమునకు పోయినకొలది పగలు కుఱుచయై, ఎండ ఏటవాలుగా పడును. నవంబరు 20వ తేదీ ప్రాంతమున విజయవాడలో పగలు 11 గంటలకు కొంచెము మించియుండును. జపానులోని టోక్యోలో సుమారు 10 గంటలు, లండనులో ఎనిమిదిన్నర గంటలు మాత్రమే. భూమధ్యరేఖకు దక్షిణముననున్న సిడ్నీ పట్టణములోనన్ననో సుమారు 14 గంటలు. కార్తీకమాసమున కడవ కడుగ ప్రొద్దుండదని మన ముసలమ్మలు చెప్పుదురు. లండను ఇల్లాలు మన యూరికి వచ్చినచో మన కార్తీకపు పగలే దీర్ఘమని సంతోషించును.

పగటి కొలత యొక్కటియే చాలదు. గాలి ఏ దిక్కునుండి వచ్చుచున్నది, సముద్రముమీదుగా వచ్చుచున్నదా, నేలమీదుగా వచ్చుచున్నదా యనునది రెండవ కారణము. నేల త్వరగా వేడెక్కి త్వరగా చల్లారును. సముద్రము మెల్లగా వేడెక్కి మెల్లగా చల్లారును. ఈ రెండు సంగతులను జ్ఞాపకముంచుకొన్నచో ఇక చెప్పబోవునదంతయు సుబోధమగును.

ఇంగ్లండును కెనడాయు

లండను పట్టణము కెనడాలోని విన్నిపెగ్గుకంటె ఉత్తరముగా నున్నది. లండను 51½ డిగ్రీల అక్షాంశమున, విన్నిపెగ్గు దాదాపు 50 డిగ్రీల అక్షాంశమున కలవు. కాన లండనులోనే చలి ఎక్కువ యుండవలెనని తోచును. జరుగునది వేఱు. నవంబరులో లండనున సామాన్యమైన పగటి వేడిమి 11 లేక 12 సెంటిగ్రేడు డిగ్రీలు. రాత్రి 6 డిగ్రీల చుట్టు ఉండును. విన్నిపెగ్గులో పగటియందే నీరు గడ్డకట్టు సున్న డిగ్రీల దగ్గఱ నుండి, రాత్రులు సున్నకు దిగువ 9 డిగ్రీల వఱకు దిగును.

ఏలయనగా, ఇంగ్లండునకు గాలి పడమటినుండి అట్లాంటికు మహాసముద్రముమీదుగా వచ్చును. వేసవిలో ఆ నీరు దాచుకొన్న వేడిమి శీతకాలమున గాలితో తీరమునకు చేరును. విన్నిపెగ్గు సముద్రమునకు దూరమై ఖండపు నడుమ నున్నది. ఉత్తరపు మంచు సీమలనుండి దిగు గాలిని అడ్డు కొండలు లేవు.

లండనులో ఆ మాసమంతయు కలిసి పడు వాన 60 మొదలు 70 మిల్లీమీటరులు. మన కోస్తాలో ఒక్క తుపాను ఒక్క దినమున అంతకంటె ఎక్కువ కురియగలదు. అయినను అచట ఎండ చాలక పొలము ఆఱదు. కాన ఇంగ్లీషు రైతు నేల బురదగాకమునుపే శీతకాలపు గోధుమ విత్తుటకు త్వరపడును. ఆ గోధుమ మొలక కొన్ని వారములు చలి తగిలినగాని తరువాత వెన్ను వేయదు. మనము చెడుగని తలచు చలియే అచట పైరునకు అవసరము. కెనడా మైదానముల రైతు చాలవఱకు వసంతమున విత్తి, మంచు పడకమునుపే కోసి, ధాన్యమును ఇనుప గాదెలలో చేర్చుకొనును. నవంబరులో అతని పొలము గడ్డకట్టియుండును. అతనికి ఈ మాసము భయము లేదు; ఏలయన భయపడదగిన పని నంతయు మునుపే ముగించెను.

జపానున ఒకే గాలి, రెండు వాతావరణములు

జపాను వరి పండించు దేశము గనుక మనకు మిక్కిలి పోలిక గలది. శరత్తు తుదిని సైబీరియా నేలమీదనుండి చల్లని పొడిగాలి బయలుదేఱి జపాను సముద్రమును దాటును. దాటునపుడు తేమను త్రాగి, జపాను నడిమి పర్వతములకు తగిలి, పడమటి ప్రక్కను వానగాను, తరువాత మంచుగాను దించును. పర్వతములు దాటునప్పటికి గాలి మరల పొడియగును. కాన పడమటి తీరమందలి నీగాతాలో నవంబరున కురియు వాన తూర్పుననున్న టోక్యోలో కురియు వానకు సుమారు రెండింతలు. టోక్యోలో ఆ దినములలో ఆకాశము తేటగా నుండి, పగలు 17 డిగ్రీల వేడిమి హాయిగా నుండును.

నీగాతా రైతులు వరిని సెప్టెంబరు, అక్టోబరు మాసములలోనే కోయుదురు. అచట నేల తడిది గనుక పూర్వము పనలను నేలమీద పఱచువారు కారు. పొలము గట్లమీద చెట్లను వరుసగా పెంచి, వాటికి అడ్డముగా వెదుళ్లు కట్టి, ఆ దండెములమీద వరికట్టలను వెన్నులు క్రిందికి వ్రేలాడునట్లు ఆఱవేసెడివారు. ఇప్పుడు యంత్రములతో ఆఱబెట్టుటయే ఎక్కువ. అయినను కొన్నిచోట్ల ఆ దండెముల పద్ధతి నేటికిని కలదు. కోసిన వరిని తడినేలకు అప్పగింపరాదను నియమమును వారు విడువలేదు.

ఈజిప్టు

కైరో పట్టణమున సంవత్సరమంతయు కలిసి పడు వాన సుమారు 25 మిల్లీమీటరులే. నవంబరులో పగలు 25 డిగ్రీలు, రాత్రి 15 డిగ్రీల ప్రాంతమున నుండును. మన సంక్రాంతి దినములవంటి వాతావరణ మనుకొనుడు. పూర్వము నైలునది వరద శరత్తులో తీసిపోగానే ఒండ్రునేలలో గోధుమ చల్లెడివారు. 1970లో ఆస్వాను పెద్ద ఆనకట్ట పూర్తియైన పిదప ఆ వరద లేదు. కాలువ నీటితో నవంబరులోనే గోధుమ విత్తుదురు. ఆ రైతు ఆకాశమువంక చూడడు. కాలువలో తన వంతు నీరు ఎన్నడు వచ్చునో చూచుకొనును.

ఆస్ట్రేలియా

దక్షిణార్ధగోళమున మన శరత్తు వారికి వసంతము. న్యూ సౌత్ వేల్సు లోపలి మైదానములలో నవంబరు పగలు 25 మొదలు 30 డిగ్రీల వేడిమి కలిగి, గోధుమ పండి కోతకు సిద్ధముగా నుండును. పంట వేఱైనను వారి అపాయము మన అపాయమే: పండిన గింజమీద వాన. ఆస్ట్రేలియా దేశమంతటికిని లెక్కవ్రాసిన నవంబరులలో 2021వ సంవత్సరపు నవంబరు మిక్కిలి వానగలది. అప్పుడు న్యూ సౌత్ వేల్సులో గోధుమ వెన్నులోనే మొలకెత్తి, రొట్టెకు పనికిరాక, పశువుల దాణా ధరకు అమ్ముడుపోయినది. మొలకెత్తునపుడు గింజ తనలోని పిండిని తానే కరిగించుకొనును. పైకి మొలక కనబడకమునుపే ఈ నష్టము మొదలగును. ఆఱిన ధాన్యమును వెంటనే పొలమునుండి తరలించుటయే అందులకు ముఖ్యమైన ఉపాయము. పశ్చిమ ఆస్ట్రేలియాలో 1933లో రైతుల ధాన్యమును సేకరించి నిలువచేయుటకు ఏర్పడిన సహకార సంస్థ నేటికిని ఆ పని చేయుచున్నది.

మన సీమ

ఇక మన కిటికీ దగ్గఱకు వత్తము. కార్తీకమున మనకు ఈశాన్యపు గాలి. ఇదియు జపాను గాలివలెనే నేలమీద పొడిగా బయలుదేఱి, బంగాళాఖాతముమీదుగా వచ్చినచోట తేమను త్రాగి తీరమున దించును. కాన నెల్లూరు సీమకు ఏటి వానలో సగమునకు మించిన భాగము ఈ ఋతువుననే లభించును. అదే దినములలో తెలంగాణమున ఆకాశము తేటపడి, వాన మిక్కిలి తగ్గి, హైదరాబాదులో రాత్రి వేడిమి 17 డిగ్రీలకు దిగి శనగ మొదలగు పైరులకు అనుకూలించును. కృష్ణా గోదావరీ డెల్టాలు ఈ రెండింటి నడుమ నున్నవి. ఇచ్చట సామాన్యమైన దినము మంచిదే: పగలు 30 డిగ్రీలు, రాత్రి 20, తెల్లవాఱుజామున మంచు. ఆ మంచి దినములను నమ్మియే మనము మోసపోవుదుము.

నైరుతి వానలు వెడలిన పిదప కూడ సముద్రపు నీరు వెచ్చగనే యుండుటచేత ఈ మాసములలో బంగాళాఖాతమున తుపానులు పుట్టును. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన సుమారు 5 మీటరుల ఎత్తున లేచినది. ప్రభుత్వపు లెక్కలో సుమారు 10,000 మంది మరణించిరి. 1996 నవంబరు 6న మఱియొక తుపాను కోనసీమను పాడుచేసెను. 2023 డిసెంబరు 5న మిచౌంగు తుపాను బాపట్ల దగ్గఱ తీరము దాటునప్పటికి హెచ్చరికలు ముందుగా అందుటచేత మన సీమలో ప్రాణనష్టము స్వల్పమాయెను; కాని కోసి పఱచిన పనలును, కళ్లములలోని ధాన్యమును విస్తారముగా తడిసెను. మనుష్యులను కాపాడు విద్య మనకు అలవడినది. పంటను కాపాడునది ఇంకను అలవడలేదు.

ఇతరులను తప్పుపట్టుటకు ముందు మా తప్పు చెప్పుకొనుట న్యాయము. కొన్నేండ్ల క్రిందట మా ప్రదర్శన క్షేత్రము ప్రక్కనున్న పెద్దరైతు ఒకరు, “ఏమండీ, కోయింపవచ్చునా?” యని మమ్మడిగిరి. మేము ఆకాశమువంక చూచి, మబ్బుతునక యైనను లేదని, కోయించుడని చెప్పితిమి. ఆనాటి వాతావరణ ప్రకటనను చూడనేలేదు. మూడవనాడు పట్టిన వాన నాలుగు దినములు విడువలేదు. పనలు నీటిలో తేలి, వెన్నులకు తెల్లని మొలకలు వచ్చినవి. ఆయన మమ్ము ఒక్క మాటయు అనలేదు. మొలకెత్తిన వెన్ను నొకదానిని తెచ్చి మా బల్లమీద పెట్టి వెడలిపోయిరి. ఆ వెన్ను ఇప్పటికిని మా బల్ల సొరుగులో నున్నది.

చేయవలసినవి

1. కోతకు కూలివారిని పిలుచుటకు ముందు ఆకాశవాణిలోగాని ఫోనులోగాని ఆనాటి వాతావరణ ప్రకటన తెలిసికొనుడు. తుపాను తీరమును బాధించునని తోచినపుడు వాతావరణ శాఖవారు మొదటి హెచ్చరికను కనీసము 48 గంటల ముందును, గట్టి హెచ్చరికను కనీసము 24 గంటల ముందును ప్రకటింతురు. మొదటిది వినగానే కోత నిలుపుడు. చేలో నిలిచిన వరి పడిపోయినను కొంత దక్కును; కోసి పఱచినది నీటిపాలగును.

2. అప్పటికే కోసియున్నచో ఆఱిన పనలను వెంటనే మెఱకకు చేర్చి, అడుగున గడ్డి పఱచి, వెన్నులు లోపలికుండునట్లు కుప్పవేసి టార్పాలిను కప్పుడు. తడి పనలను కుప్ప వేయరాదు. లోపల వేడి పుట్టి గింజ రంగు మారును.

3. మురుగు బోదెలను కోతకు ముందే బాగుచేయుడు. వాన వచ్చిన పిదప గట్టు తెగగొట్టుట సగము పనియే.

4. పనలు తడిసినయెడల లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కరిగించి వెన్నులపై చల్లినచో మొలకెత్తుట తగ్గును. ఎండ కనబడగనే పనలను తిరుగవేయుడు.

5. ధాన్యపు తేమ కొనుగోలు కేంద్రములలో 17 శాతమునకు మించరాదు. ఇంట నిలువయుంచునది 14 శాతమునకు దిగువ ఉండవలెను.

వీనిలో మొదటిదానికి ఖర్చు లేదు. రెండవదానికి టార్పాలినులు కావలయును; చిన్న రైతు ఒక్కడు తగినన్ని కొనలేడు. ఒకే వారమున ఊరంతయు కోయదు గనుక, సంఘము పక్షమున కొన్ని కొని వంతులవారీగా ఇచ్చినచో అందఱికిని సరిపోవును. కెనడా రైతునకు ఇనుప గాదె యెట్టిదో, నీగాతా రైతునకు వెదురు దండె మెట్టిదో, మనకు ఈ ఉమ్మడి టార్పాలిను అట్టిది. కావున సభ్యులు రాబోవు సభకు తమ తమ ఇండ్లలో ఎన్ని టార్పాలినులు కలవో, ఎన్ని ఎకరముల కోత ఏ వారమున పడునో వ్రాసికొని రావలెనని కోరుచున్నాము. ఆ లెక్కలు చేరినచో, అనూరాధ కార్తె ప్రవేశించులోపుగా ఎన్ని కొనవలయునో ఒకే పూట తేల్చుకొనవచ్చును.