పెద్దల ముందు ఇచ్చిన డబ్బు పరిహారం కాదు

రైస్ మిల్లులో బస్తాల నెట్టు మీంచి జారిపడి ముప్పై ఏళ్ల హమాలీ చనిపోయాడనుకోండి. దినకర్మలు కాకముందే పెద్దలు కూర్చుంటారు. యజమాని రెండు లక్షలు ఇస్తాడు. ‘ఇక నాకు ఏ హక్కూ లేదు’ అని రాసిన స్టాంపు కాగితం మీద భార్య చేత వేలిముద్ర వేయిస్తారు. వ్యవహారం తెగిపోయిందని ఇరుపక్షాలూ నమ్ముతాయి. తెగలేదు.

మరణ పరిహారాన్ని యజమాని నేరుగా కుటుంబం చేతికిస్తే చట్టం దాన్ని చెల్లింపుగా ఒప్పుకోదు. కార్మిక శాఖలో ఇందుకు నియమితుడైన అధికారి దగ్గర జమ చేయాలి. భార్యాబిడ్డలకు, మృతుడి మీద ఆధారపడ్డ తల్లిదండ్రులకు ఆయనే పంచుతారు. ముందే చేతికిచ్చిన దాంట్లో మూడు నెలల జీతం మేరకే మినహాయిస్తారు. హక్కు వదులుకున్నట్టు రాయించుకున్న కాగితం చెల్లదు. 1923 నాటి చట్టంలోని ఈ రక్షణలు, 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఉన్నాయి.

ఇక లెక్క. నెల వేతనంలో సగాన్ని, వయసుకు తగ్గ గుణకంతో హెచ్చవేస్తారు. జీతం ఎంతున్నా, 2020 జనవరి నోటిఫికేషన్ ప్రకారం లెక్కకు తీసుకునేది 15,000 వరకే. ముప్పై ఏళ్లకు గుణకం 207.98. ఆ హమాలీ సంపాదన 15,000 అయితే పరిహారం 15,59,850 రూపాయలు. నెల దాటితే 12 శాతం వడ్డీ. జాప్యానికి సరైన కారణం చూపలేకపోతే, పరిహారంలో సగం దాకా జరిమానా కూడా పడవచ్చు.

‘తాగి ఎక్కాడండీ’ అనే వాదన మరణం విషయంలో నిలవదు. శాశ్వతంగా ఏ పనీ చేయలేని స్థితికి చేరినా అంతే. ‘వాళ్లు మేస్త్రీ తెచ్చిన మనుషులు’ అన్నా, మీ వ్యాపార పని చేస్తుండగా జరిగితే ముందు మీరే కట్టాలి, తర్వాత మేస్త్రీ దగ్గర రాబట్టుకోవాలి. పనికి వచ్చే దారిలో జరిగిన ప్రమాదానికి, పనితో సంబంధం రుజువైతే, కొత్త కోడ్ బాధ్యత పెట్టింది.

ఈఎస్ఐ వర్తించే కార్మికుడికి ప్రయోజనాలు అక్కడి నుంచే అందుతాయి. దాని పరిధిలోకి రానివాళ్లున్న యజమానులు ఉద్యోగుల పరిహార పాలసీ తీసుకోవాలి. ప్రీమియం, పని ప్రమాదాన్నీ మొత్తం వేతనాలనూ బట్టి ఉంటుంది. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. పాలసీలో ఆపరేటరు, గుమస్తా, డ్రైవరు ఉంటారు. అందరికన్నా ప్రమాదపు పని చేసే హమాలీలు ఖాతా పుస్తకంలో ‘హమాలీ ఖర్చు’ అనే ఒక్క పద్దులో ఉండిపోతారు. ప్రకటించని మనిషికి బీమా కంపెనీ ఎందుకు కడుతుంది? బస్తాకింత చొప్పున ఇచ్చే కూలీని కూడా వేతనంగా చూపండి. సీజన్‌లో మనుషులు పెరిగితే అప్పుడే రాతపూర్వకంగా తెలియజేసి పాలసీలో చేర్పించండి. వైద్య ఖర్చు, వడ్డీ పాలసీలో ఉన్నాయో లేదో ఏజెంటును అడిగి, కాగితంలో చూసుకోండి. జాప్యపు జరిమానా మాత్రం మీ జేబులోంచే.

వేలిముద్ర వేసేసిన కుటుంబాలు ఆశ వదులుకోనక్కర్లేదు. మృతుడి జీతం, వయసు, పనిచేసిన చోటు తెలిపే ఆధారాలతో కార్మిక శాఖ కార్యాలయంలో వెంటనే దరఖాస్తు చేయండి. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. 15100కు ఫోన్ చేసి అడగవచ్చు.